ఆడియో ఫైళ్ల గురించి మా వీధిలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి ముందుగదిలో ఒక పాత డెస్క్‌టాప్, దాని పక్కన అంతకంటే పాత టేప్ రికార్డర్ ఉన్నాయి. రెండింటినీ ఒక వైరుతో కలిపానని తెలిసిన దగ్గర్నుంచీ వీధిలోవాళ్లు, పాతపట్నం చుట్టాలు, గుణుపురం స్నేహితులు క్యాసెట్లూ సీడీలూ పెన్‌డ్రైవ్‌లూ పట్టుకొస్తున్నారు. సినిమా పాటలైతే ఎక్కడైనా దొరుకుతాయి. వీళ్లు తెచ్చేవి ఇంట్లో మనుషుల గొంతులు. తాతగారి హరికథ, పెళ్లిలో అమ్మలక్కలు పాడిన పాటలు, ఊళ్లో జముకుల కథ చెప్పించినప్పుడు ఎవరో ముందు వరసలో కూర్చుని పట్టిన రికార్డింగు. క్యాసెట్టు మారుతుంది గానీ అడిగే ప్రశ్నలు మారవు. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ఇంజినీర్ని కాను, పగలు ఎరువుల కొట్టు లెక్కలు రాసుకునేవాణ్ణి.

ఫార్మాట్ అంటే ఏటి బాబూ? పాట పాటే కదా?

పాట పాటే. దాన్ని రాసి పెట్టుకునే పద్ధతులే వేరు. కంప్యూటర్‌కి గొంతు తెలీదు, అంకెలే తెలుసు. మైకులోంచి వచ్చే శబ్దాన్ని సెకనుకి కొన్ని వేలసార్లు కొలిచి ఆ కొలతల్ని వరసగా రాసుకుంటుంది. కొలతలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయడం ఒక పద్ధతి, అది వేవ్. ఒక్క అంకె కూడా పోకుండా పొందిగ్గా మడిచి పెట్టడం ఇంకో పద్ధతి, అది ఫ్లాక్. చెవికి పట్టనివాటిని వదిలేసి మిగతాది రాయడం మూడోది. ఎంపీ3, ఏఏసీ, ఓపస్ అన్నీ ఈ మూడో కుటుంబమే. మీకు ఎదురయ్యే పేర్లన్నీ ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట చేరతాయి, ఒక్క మిడి తప్ప. దాని సంగతి కింద చెప్తాను.

నా కంప్యూటర్లో ఫైలు ఏ రకమో కనిపించడం లేదు.

పేరు చివర చుక్క తర్వాత ఉండే తోకను విండోస్ దాచిపెడుతుంది. ఫోల్డర్ తెరిచి పైన వ్యూ మెనూలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ దగ్గర టిక్ పెట్టండి. విండోస్ 11లో వ్యూ నొక్కాక ‘షో’ లోపల ఉంటుంది. ఇంతే.

ఆ తోకను నేనే మార్చేస్తే? వేవ్‌ని ఎంపీ3 అని రాసేస్తే సైజు తగ్గుతుందా?

తగ్గదు. యూరియా బస్తా మీద డీఏపీ అని రాస్తే లోపలున్నది మారదు కదా. కొన్ని ప్లేయర్లు లోపలికి చూసి పాడేస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. మార్చాలంటే కన్వర్ట్ చేయాలి. దానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. వీఎల్‌సీ ప్లేయర్‌లోనూ ఆ సదుపాయం ఉంది.

సీడీలోంచి పాటలన్నీ కాపీ చేశాను. ఒక్కోటి 1 కేబీ చూపిస్తోంది, పాడటం లేదు.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. మా మావయ్య కూతురి పెళ్లిలో సన్నాయి మేళం ఆడియో సీడీ ఒకటి చేతికొస్తే, అందులో పన్నెండు ఫైళ్లు కనిపించాయి. పన్నెండూ పెన్‌డ్రైవ్‌లోకి లాగాను, రెండు సెకన్లలో అయిపోయింది. ఎంత స్పీడు కంప్యూటరో అని మురిసిపోయి సీడీ తిరిగిచ్చేశాను. ఇంటికెళ్లి చూస్తే ఒక్కో ఫైలూ 44 బైట్లు. సన్నాయి లేదు, డోలు లేదు.

అవి సీడీఏ ఫైళ్లు. సీడీలో ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చీటీలు మాత్రమే. ఇంటి అడ్రసు రాసుకొచ్చి ఇల్లు తెచ్చాననుకోవడం లాంటిది. ఆడియో సీడీలోంచి పాట తీయాలంటే కాపీ కాదు, ‘రిప్’ చేయాలి. విండోస్ మీడియా ప్లేయర్‌లో రిప్ సెట్టింగ్స్ ఉంటాయి. విండోస్ 10 నుంచి అందులో ఫ్లాక్ కూడా ఎంచుకోవచ్చు. సీడీ నా దగ్గర రెండోసారికి వచ్చేసరికి దాని మీద రెండు గీతలు పడ్డాయి. ఏడో పాట ఇప్పటికీ ఎగురుతుంది.

వేవ్ ఫైలు అంత పెద్దదెందుకు?

లెక్క చూద్దాం, కష్టమేం కాదు. సీడీ కొలతలో సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తారు. మనిషి చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క. ఒక శబ్దాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే ఆ లెక్కకి రెండింతలకు పైగా కొలవాలి, అందుకే ఆ అంకె. ఒక్కో కొలతకి 16 బిట్లు, అంటే 2 బైట్లు. కుడి, ఎడమ కలిపి రెండు ఛానళ్లు. 44,100ని 2తో, మళ్లీ 2తో గుణిస్తే సెకనుకి 1,76,400 బైట్లు. నిమిషానికి పదిన్నర ఎంబీ. రెండు వైపులా 45 నిమిషాలుండే సీ-90 క్యాసెట్టు మొత్తం ఎక్కిస్తే సుమారు 950 ఎంబీ.

అందులో ఎవరు పాడుతున్నారన్నది లెక్కలోకి రాదు. గంటసేపు నిశ్శబ్దం రికార్డు చేసినా అంతే సైజు. మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి 1991లో తెచ్చిన ఫార్మాట్ ఇది. ఇప్పటికీ ఎక్కడ పెట్టినా పాడుతుంది. ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదన్న పరిమితి ఉంది గానీ, సీడీ కొలతలో అది ఆరు గంటల ముప్పావు. రాత్రంతా సాగే భాగవతం ఎక్కిస్తే తప్ప మీకు అడ్డురాదు.

ఒక చిన్న ఆదా: ఇంట్లో టేప్ రికార్డర్‌కి ఉండే ఒక్క మైకుతో పట్టిన గొంతు ఎలాగూ మోనోనే, అంటే ఒకే ఛానల్. మోనోగా ఎక్కిస్తే సైజు సగం అవుతుంది, పోయేది ఏమీ లేదు.

మరి ఎంపీ3 అందులో పదో వంతు ఉంటుందే! ఏం తీసేస్తోంది?

నాకిష్టమైన ప్రశ్న ఇది. ఓపికుంటే చదవండి.

తప్పెటగుళ్లు జోరుగా సాగుతున్నప్పుడు పక్కనున్నవాడు చెవిలో గొణిగితే వినిపించదు. గొణుగుడు గాలిలో ఉంది, మీ చెవి పర్దాని తాకింది కూడా, కానీ మెదడుకి చేరలేదు. పెద్ద శబ్దం దగ్గర్లోని చిన్న శబ్దాన్ని కప్పేస్తుంది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ, ఇంకొందరు పరిశోధకులు కలిసి ఈ సంగతినే లెక్కల్లోకి మార్చారు. శబ్దాన్ని సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ స్వరాలు దేనికింద కప్పబడిపోతాయో చూసి, వాటిని మోటుగా రాయడమో పూర్తిగా వదిలేయడమో చేస్తుంది ఎంపీ3. బాగా పైస్థాయి శబ్దాలను కూడా కోసేస్తుంది. 128 కేబీపీఎస్ (సెకనుకి ఖర్చుపెట్టే బిట్ల లెక్క, కింద చెప్తాను) దగ్గర సాధారణంగా 16, 17 వేల హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. యాభై దాటిన నాలాంటివాళ్లకి అదెలాగూ వినపడదు కాబట్టి గొడవలేదు.

మరి ఎక్కడ దొరికిపోతుంది? చిడతల దగ్గర. హరికథ దాసుగారు చిడత కొట్టినప్పుడు ఆ ‘టక్’ నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా పుడుతుంది. ముక్క మధ్యలో ‘టక్’ పడితే, మోటుగా రాయడం వల్ల వచ్చిన చెత్త ఆ ముక్క అంతా పరుచుకుంటుంది. అంటే చిడత మోగడానికి ఒక్క క్షణం ముందే ‘ష్’ మన్న నీడ వినిపిస్తుంది. మంచి ఎంకోడర్లు, అంటే ఎంపీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్లు, అలాంటి చోట ముక్కల్ని చిన్నవి చేసుకుని సర్దుకుంటాయి. కానీ తక్కువ కేబీపీఎస్ ఇస్తే వాటికీ చేతకాదు. పోయినేడు ఒకాయన వాళ్ల తాతగారి హరికథను ఒక స్టూడియోలో ఎంపీ3 చేయించి తెచ్చారు. చిడతలు తడి బట్ట ఉతుకుతున్నట్టున్నాయి. ఫైలు ప్రాపర్టీస్‌లో చూస్తే 32 కేబీపీఎస్. ‘‘సైజు తక్కువుంటే మంచిదన్నారు బాబూ’’ అన్నారాయన. అసలు క్యాసెట్టు ఎక్కడుందని అడిగాను. ఎలకలు కొట్టేశాయట, పారేశారు.

అయితే ఎంత కేబీపీఎస్ పెట్టాలి?

కేబీపీఎస్ అంటే సెకను శబ్దానికి ఎన్ని వేల బిట్లు ఖర్చుపెడుతున్నామన్నది. ఎంపీ3లో 320 దాకా వెళ్లొచ్చు. ఉత్త మాట అయితే 64 మోనో సరిపోతుంది, గంటకి 29 ఎంబీ. పాటకి 192. చిడతలు, తాళాలు, జముకు, సన్నాయి ఉంటే 256 గానీ 320 గానీ పెట్టండి. 128 అనేది పెన్‌డ్రైవ్ 256 ఎంబీ ఉన్న రోజుల అలవాటు. ఇప్పుడు దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు.

సెట్టింగ్స్‌లో వీబీఆర్ అని కనిపిస్తే భయపడకండి. గొంతు ఆగినచోట తక్కువ బిట్లు, మేళం అందుకున్నచోట ఎక్కువ బిట్లు ఖర్చుపెట్టే పద్ధతి అది. సైజుకి తగ్గ నాణ్యత వస్తుంది. కొన్ని పాత ప్లేయర్లు మాత్రం పాట ఎన్ని నిమిషాలో తప్పుగా చూపిస్తాయి.

నా దగ్గరున్న ఎంపీ3ని వేవ్ చేస్తే పోయింది తిరిగొస్తుందా?

రాదు. జిరాక్సుని లామినేషన్ చేయిస్తే ఒరిజినల్ సర్టిఫికెట్ అయిపోదు. సైజు పదింతలవుతుంది, లోపల అదే ఎంపీ3. ఇంకో మాట, ఎంపీ3ని కోసి, అతికించి, మళ్లీ ఎంపీ3గా సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. కోతలన్నీ వేవ్‌లోనో ఫ్లాక్‌లోనో చేసుకుని, ఎంపీ3 చివర్లో ఒక్కసారే చేయండి.

ఫ్లాక్, ఫ్లాక్ అంటావు. అదేంటి?

2001లో వచ్చింది, ఉచితం. చాప చుట్టినట్టు చుట్టి పెడుతుంది. విప్పితే ఒక్క పుల్ల కూడా తగ్గదు. మామూలుగా వేవ్‌లో సగం నుంచి డెబ్భై శాతం సైజుంటుంది. మన క్యాసెట్లకు మాత్రం అంత తగ్గదు. టేపు వెనక వచ్చే ‘స్...’ అన్న హోరుకి ఒక క్రమం ఉండదు కాబట్టి దాన్ని చుట్టడం కష్టం. హోరు ఎక్కువున్న టేపు ఫ్లాక్ పెద్దగా వచ్చిందంటే మీ తప్పు కాదు.

వేవ్‌కి లేని ఇంకో మంచి గుణం: అసలు శబ్దం చెక్‌సమ్‌ని, అంటే సరిచూసుకోవడానికి వేసిన మొత్తం లెక్కని, ఫ్లాక్ తనలోనే రాసి పెట్టుకుంటుంది. పదేళ్ల తర్వాత హార్డ్‌డిస్క్‌లో ఫైలు పాడైతే పరీక్ష చేసి తెలుసుకోవచ్చు. ఇంటి గొంతులు దాచుకోవడానికి నేను ఫ్లాకే వాడతాను. ఐఫోన్ వాళ్లకి ఇదే పని చేసే ఆపిల్ వారి అలాక్ ఉంది.

ఫోన్లో రికార్డు చేస్తే ఎం4ఏ వస్తోంది. ఎంపీ3 కంటే తక్కువా?

తక్కువ కాదు, సాధారణంగా ఒక మెట్టు ఎక్కువే. ఎం4ఏ అనేది డబ్బా పేరు, లోపలుండేది ఎక్కువగా ఏఏసీ. ఎంపీ3 తర్వాత 1997లో వచ్చిన పద్ధతి, అదే కేబీపీఎస్‌కి కొంచెం మెరుగ్గా వినిపిస్తుంది. విండోస్ 10 వాయిస్ రికార్డర్ కూడా ఇందులోనే సేవ్ చేస్తుంది. ఆడాసిటీలో తెరుచుకోకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే అదనపు ముక్క వేసుకోవాలి, ఉచితమే. చిక్కేంటంటే అలాక్ కూడా ఇదే డబ్బాలో వస్తుంది. తోక చూసి లోపలేముందో చెప్పలేం.

అమ్మమ్మ వాట్సాప్‌లో పాడి పంపిన పాట కంప్యూటర్లో తెరుచుకోవడం లేదు.

అది ఓపస్. 2012లో ప్రమాణంగా వచ్చింది, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉంటాయి. చాలా తక్కువ బిట్లతో మాటను స్పష్టంగా మోసుకొస్తుంది. సిగ్నల్ రెండు గీతలు దాటని కొండ ఊళ్ల నుంచి కూడా గొంతు వస్తోందంటే దీని చలవే. వీఎల్‌సీలో తెరవండి, పాడుతుంది.

కానీ అమ్మమ్మ చేత పాడించుకుని దాచుకోవాలనుకుంటే వాయిస్ మెసేజ్‌లో పాడించకండి. ఫోన్లోని రికార్డర్ ఆప్‌లో పాడించి, ఆ ఫైలుని డాక్యుమెంట్‌గా పంపమనండి. ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

పాత కీప్యాడ్ ఫోన్లో నాన్నగారి మాటలున్నాయి. ఏఎంఆర్ అంటోంది.

జాగ్రత్తగా వేరే చోటికి తీసి పెట్టండి. ఏఎంఆర్ ఫోన్ మాటల కోసం పుట్టింది. సెకనుకి 8,000 కొలతలే, 12.2 కేబీపీఎస్ దాటదు. అందుకే అందులో ఎవరి గొంతైనా ట్రంకు పెట్టెలోంచి వచ్చినట్టుంటుంది. దాన్ని బాగుచేసే మంత్రం లేదు. అసలు ఏఎంఆర్‌ని అలాగే ఉంచి, వినడానికి ఇంకో కాపీ ఎంపీ3 చేసుకోండి.

డబ్ల్యూఎంఏ, ఆగ్, ఏఐఎఫ్ఎఫ్, మిడి?

డబ్ల్యూఎంఏ మైక్రోసాఫ్ట్‌ది. పాత కంప్యూటర్లలో తీసిన సీడీ పాటలు ఇలా ఉంటాయి, పాడినంతకాలం వినండి. ఆగ్ ఒక డబ్బా, లోపల వోర్బిస్ గానీ ఓపస్ గానీ ఉంటుంది. ఏఐఎఫ్ఎఫ్ ఆపిల్ వైపు వేవ్ లాంటిది. మిడిలో అసలు శబ్దమే ఉండదు. ఏ మీట ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కాలో రాసిన కాగితం అది. పాత ఫోన్ రింగ్‌టోన్లు అలా వచ్చేవి. మిడిలో గొంతు వెతక్కండి.

ఆటోలో పెన్‌డ్రైవ్ పెడితే కొన్ని పాటలే వస్తున్నాయి. కొన్నిసార్లు ఏవీ రావు.

పాతపట్నం షేర్ ఆటోల వాళ్ల దగ్గర్నుంచి వారానికొకసారి వచ్చే ప్రశ్న. ఏవీ రాకపోతే పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫాట్ గానీ అయ్యుంటుంది. చాలా ప్లేయర్లు ఫాట్32 అనే పద్ధతిని మాత్రమే చదువుతాయి. పాటలు వేరేచోట పెట్టుకుని ఫాట్32గా ఫార్మాట్ చేయండి. కొన్నే వస్తుంటే రానివి ఎం4ఏ లేదా ఫ్లాక్ అయ్యుంటాయి. ఆ ప్లేయర్లకు తెలిసింది ఎంపీ3, మహా అయితే డబ్ల్యూఎంఏ. ఇంజిన్ చప్పుడులో ఫ్లాక్ విని ప్రయోజనం కూడా లేదు, ఎంపీ3 చేసి పెట్టండి.

పాట పేరు తెలుగులో రాస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి.

ఒడియాలో రాసినా అంతే, అక్కడ మనకీ వాళ్లకీ తేడా లేదు. ఎంపీ3 లోపల పేరు రాసే ట్యాగుల్లో పాత రకం ఒకటుంది. ఫైలు చివర 128 బైట్లు, అందులో పాట పేరుకి 30. ఇంగ్లీషు అక్షరాల కోసం కట్టిన గది అది. కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకీ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు కావాలి, గుడింతాలకి, పొల్లుకి విడిగా మూడేసి. పేరు సగంలో తెగిపోతుంది, లేదా పిచ్చి గీతలవుతుంది. తర్వాత వచ్చిన ఐడీ3 వెర్షన్ 2 ట్యాగుల్లో తెలుగు చక్కగా పడుతుంది. కంప్యూటర్లో, ఫోన్లో బాగానే కనిపిస్తుంది. ఆటో ప్లేయర్‌లో మాత్రం తెలుగు ఫాంటే ఉండదు.

మా ఇంట్లో పిల్లలు బడిలో ఒడియా నేర్చుకున్నారు. తెలుగు గడగడా మాట్లాడతారు, చదవడం దగ్గర తడబడతారు. అందుకని ట్యాగులో తెలుగు పేరు, ఫైలు పేరులో అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు సంవత్సరం. ఎవరు పాడారో కూడా రాయండి. ‘ట్రాక్ 01’ అని వదిలేస్తే ఇరవై ఏళ్లకి ఆ గొంతు ఎవరిదో చెప్పేవాళ్లు ఉండరు.

క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలి?

టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి డెస్క్‌టాప్ వెనక నీలం రంగు రంధ్రానికి వైరు. గులాబీ రంగుది మైకుకి. అందులో గుచ్చితే శబ్దం బద్దలవుతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. ల్యాప్‌టాప్‌లకి నీలం రంధ్రం ఉండదు కాబట్టి లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోవాలి. పాత క్యాసెట్‌ని ముందు ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి తెండి, పొరలు అతుక్కుని ఉంటాయి.

ఆడాసిటీలో రికార్డు మీటరు గట్టి చోట్ల కూడా మైనస్ 6 దగ్గర ఆగేలా పెట్టుకోండి. సున్నా తాకితే అక్కడ గొంతు కత్తిరించినట్టవుతుంది, తర్వాత ఎవరూ అతికించలేరు. తక్కువైతే పెంచుకోవచ్చు. 24 బిట్లు, 96,000 కొలతలు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఇంటి క్యాసెట్‌లో అంత సరుకు లేదు, 16 బిట్లు, 44,100 చాలు.

ఆడాసిటీలో సేవ్ చేసి తమ్ముడికి పంపాను. వాడికి తెరుచుకోలేదు.

మీరు పంపింది ఏయూపీ3. అది వండుతున్న గిన్నె, వడ్డించిన విస్తరి కాదు. ‘సేవ్’ కాకుండా ‘ఎక్స్‌పోర్ట్’ చేసి ఫ్లాక్ గానీ ఎంపీ3 గానీ పంపండి.

వెనకాల హోరు, చప్పుళ్లు తీసేయమంటే తీస్తావా?

తీస్తాను, కాపీలో. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది. ఉత్త హోరున్న రెండు సెకన్లు చూపిస్తే మిగతాదంతా దాన్నిబట్టి తగ్గిస్తుంది. ఎక్కువ లాగితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టవుతుంది.

ఒక పెద్దమ్మ వాళ్లమ్మగారు పాడిన జోలపాట తెచ్చారు. వరండాలో పట్టినది. హోరు, కాకులు, రెండో చరణం దగ్గర దూరంగా రైలు కూత. నౌపడ-గుణుపురం లైను అప్పటికింకా చిన్న రైలే. శుభ్రంగా చేయమన్నారు. హోరు తగ్గించి, కాకుల్ని తీసి, కూతని కూడా కష్టపడి చెరిపి ఎంపీ3 చేసి ఇచ్చాను. రెండు రోజులకి మళ్లీ వచ్చారు.

‘‘బాబూ, ఆ రైలు ఏటైపోనాది?’’

తీసేశానని చెప్పాను.

‘‘ఆ రైల్లోనే మా నాన్న డ్యూటీ దిగి వచ్చేవోడు. కూత ఇనిపించగానే అమ్మ కొంచెం గట్టిగా పాడతాది, సూడు.’’

ఫ్లాక్ తెరిచి పెట్టాను. నిజమే, కూత తర్వాత మీటరు రెండు గీతలు పైకి లేచింది.